ఒక్క గింజ ముందొచ్చిన రంజాన్

మా నానమ్మ చేత తొమ్మిదేళ్ళ పాటు రంజాన్ ఉపవాసాలు ఒక నెల ముందే చేయించింది నేను. మా నాన్న వాటా కూడా ఉందనుకోండి, ఆ సంగతి తర్వాత చెబుతాను. ఇది బయటపడింది తొంభై ఒకటో సంవత్సరం ఫిబ్రవరి చివర. అల్బేనియాలో దేవుడి పేరు మళ్ళీ గట్టిగా పలకొచ్చని తెలిసిన మొదటి చలికాలం అది. రొట్టె కోసం వరసల్లో నిలబడేవాళ్ళం, కరెంటు ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు, అయినా జనం మొహాల్లో ఏదో కళ వచ్చింది. నాకప్పుడు పదహారేళ్ళు, నోరు ఎక్కువ. ఇప్పటికీ తగ్గలేదు.

నానమ్మ పేరు నైలె, వయసు డెబ్భై రెండు. అరవై ఏడులో మసీదులూ చర్చిలూ మూసేసి, ఈ దేశంలో ఇక దేవుడు లేడని చెప్పినప్పుడు ఆమె ఎవరితోనూ వాదించలేదట. ఇంటికొచ్చి పిండిపెట్టె వెనక రెండు పొగాకు డబ్బాలు పెట్టుకుంది. ఎడమ డబ్బాలో పన్నెండు తెల్ల చిక్కుడు గింజలు. నెలవంక కనిపించిన ప్రతిసారీ ఒక గింజ తీసి కుడి డబ్బాలో వేసేది. ఎడమది ఖాళీ అయిందంటే ఆ నెలవంక రంజాన్‌ది. తర్వాత పన్నెండూ తిరిగి ఎడమదాంట్లోకి. నెల ఎప్పుడని అడగడానికి మనిషి లేడు, అడిగితే జైలు.

ఆ నెలంతా నానమ్మకు కడుపులో పుండు. ఊళ్ళో అలాగే చెప్పుకునేవాళ్ళం. పగలు గుక్కెడు నీళ్ళు కూడా పడవు, పొద్దుగూకితే మాత్రం శుభ్రంగా తింటుంది. "ఏ డాక్టరుకీ అందని రోగం మా అత్తయ్యది" అని అమ్మ నవ్వేది. "ఏడాదికి ఒక్క నెలే వస్తుంది. అదీ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది." ఇదంతా తలుపు వేసుకున్నాకే. బడిలో టీచరు 'పొద్దున మీ ఇంట్లో ఎవరెవరు తిన్నారు' అని అడిగితే 'అందరూ' అని చెప్పాలని నాకు అక్షరాలకన్నా ముందు నేర్పారు.

నాన్న రిఫాత్ మాత్రం ఆ నవ్వుల్లో కలిసేవాడు కాదు. ఆయన వ్యవసాయ సంఘంలో కూలీల బ్రిగేడుకు నాయకుడు, పార్టీ సభ్యుడు. అరవై ఏడులో మా ఊరి మసీదు మినారుకు తాడు కట్టి లాగిన కుర్రాళ్ళలో ఆయనా ఒకడు. ఊరందరికీ తెలిసిన విషయమే, ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్ళం కాదు. నానమ్మ పస్తున్న రోజుల్లో ఆయన భోజనం దగ్గర పేపరు విప్పుకుని కూచునేవాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఆమె ఉపవాసం, ఆ పిల్లిని చూడనట్టు ఈయన పేపరు. అలా గడిచిపోయాయి ఇరవై మూడేళ్ళు.

ఆ ఫిబ్రవరిలో ఎడమ డబ్బా ఖాళీ అయింది. నానమ్మ ఎప్పటిలాగే కడుపు పట్టుకుని మంచం మీద కూచుంది.

"ఇంకా ఎందుకత్తయ్యా ఈ నాటకం?" అంది అమ్మ. "పొరుగూళ్ళో నమాజుకు పిలుస్తూ బాంగు కూడా ఇస్తున్నారట. ఉపవాసమని చెప్పుకుంటే ఎవరు పట్టుకుపోతారు?"

"తోడేలు పోయిందని మీరంటున్నారు. గొర్రెలన్నీ ఇంటికి చేరాక నేనూ అంటాను" అంది నానమ్మ.

అయినా ఒక మార్పు వచ్చింది. నాతో మాట్లాడ్డం మొదలుపెట్టింది. మా తరగతిలో ఒకమ్మాయి వాళ్ళు ఇంట్లో కొవ్వొత్తి వెలిగించుకున్నారని, తాము క్రైస్తవులమని చెప్పింది. నేను వచ్చి నానమ్మను అడిగాను.

"మరి మనం ఎవరం?"

"ముస్లిములం." ఆమె మొక్కజొన్న పిండి పిసుకుతోంది, నావైపు చూడలేదు.

"అంటే?"

"అంటే ఆ ఒక్కడికే తల వంచుతాం. ఇంకెవరికీ వంచం."

"ఇన్నేళ్ళూ పార్టీ ఆఫీసులో అందరికీ వంచాంగా?"

"అది మెడ వంచడం. తల వేరు." పిండి అంటిన చెయ్యి పైకెత్తి నా మొహం ముందు పెట్టింది. "ఇటు చూడు. బొటనవేలు, సాక్ష్యం. అల్లా ఒక్కడే, ముహమ్మద్ ఆయన పంపిన ప్రవక్త, అని మనస్ఫూర్తిగా అనడం. అది లేకుండా చెయ్యి దేన్నీ పట్టుకోలేదు. చూపుడు వేలు, రోజుకు ఐదు నమాజులు. మధ్య వేలు, రంజాన్ నెల ఉపవాసం. ఉంగరం వేలు, జకాత్, ఉన్నదాంట్లో లేనివాళ్ళ వాటా. చిటికెన వేలు, శక్తి ఉంటే మక్కాకు పోయి రావడం."

"నువ్వు ఎన్ని చేశావు?"

ఎవరైనా ఆ మాట అడగాలని ఎన్నాళ్ళ నుంచో ఎదురు చూసినట్టు ఆమె ఒక్కొక్క వేలే ముడిచింది. "మక్కా నాకెక్కడ అందుతుంది. జకాత్ ఇద్దామంటే మేకల్ని కూడా సంఘానికి తోలుకుపోయారు. నమాజు చేశాననే అనుకుంటున్నాను, కొట్టంలో ఆవు చాటున, వంగకుండా, కళ్ళతోనే. అది ఎంత చెల్లిందో నాకు తెలీదు." బొటనవేలు, మధ్య వేలు మిగిలాయి. మధ్య వేలిని పట్టుకుని ఊపింది. "ఇదొక్కటి మాత్రం నిండుగా ఉందే. ఒక్క ఏడు కూడా వదల్లేదు. పైకి పోయాక ఏం తెచ్చావని అడిగితే ఇది చూపిస్తాను."

అలా అన్నప్పుడు ఆమె మొహంలో ఉన్న గర్వం నేను మర్చిపోలేదు. అందుకే తర్వాత జరిగింది నాకు అంత కష్టం అనిపించింది.

ఆ శుక్రవారం ఊరంతా కలిసి మసీదు కడిగాం. మసీదంటే మినారు లేని నాలుగు గోడలు. సంఘం వాళ్ళు ఇరవై ఏళ్ళు దాన్ని ఎరువుల గోదాముగా వాడారు. నేలను ఎంత రుద్దినా తెల్లటి పొడి వస్తూనే ఉంది. నానమ్మకది ఏడో ఉపవాసం, అయినా బకెట్టు వదల్లేదు. మధ్యాహ్నం అయ్యాక ముల్లా ఇద్రీజ్ గడప మీద నిలబడ్డాడు. ఆయన ముల్లా అన్న సంగతి మా వయసు వాళ్ళకు ఆ చలికాలంలోనే తెలిసింది. మాకు తెలిసినంత వరకు ఆయన సంఘంలో కంచర గాడిదలు తోలే ముసలాయన. అంతకు ముందు ఏడేళ్ళు గనిలో ఖైదీ.

"రాజధాని నుంచి క్యాలెండరు వచ్చింది" అన్నాడు ఒక కాగితం ఎత్తి చూపుతూ. "ఈసారి అందరం కలిసే మొదలుపెడదాం. రంజాన్ మార్చి పదిహేడున."

జనం సంతోషపడ్డారు. ఒకామె ఏడ్చేసింది. నానమ్మ మాత్రం బకెట్టు నెమ్మదిగా కింద పెట్టి నా దగ్గరికొచ్చింది.

"ఇవాళ తారీకు ఎంత?"

"ఫిబ్రవరి ఇరవై రెండు."

"పద ఇంటికి" అంది.

ఇంటికొచ్చి డబ్బాలు రెండూ తీసి ఒళ్ళో పెట్టుకుంది. పన్నెండూ ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టింది. తర్వాత లేచి, అల్మారాలోంచి రొట్టె ముక్క తీసి, పట్టపగలు, మా అందరి ముందూ కూచుని తింది. రంజాన్ అనుకున్న నెలలో ఆమె పగలు నమలడం నేను చూసింది అదే మొదటిసారి. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"అత్తయ్యా, ఏమైంది?"

"ఇది రంజాన్ కాదటమ్మా. ఇంకో నెల ఉందట. ఎప్పుడు తప్పానో తెలీదు. పోయినేడో, మొదటి ఏడో. మొదటి ఏడే తప్పుంటే ఇరవై మూడేళ్ళూ నేను ఊరికే మాడి చచ్చాను." మధ్య వేలు కూడా ముడిచేసింది. "ఇది కూడా పోయింది."

ఆ పొద్దు నుంచి ఆమె మంచం దిగలేదు. పెట్టినప్పుడు తింది, అడిగితే పలికింది, నమాజుకు కొట్టంలోకి మాత్రం పోలేదు. అమ్మ ముల్లాను పిలుచుకొస్తానంటే వద్దంది. "ఆయన దయతలచి ఏదో ఒకటి చెబుతాడు. నాకు దయ వద్దు. ఎప్పుడు తప్పానో కావాలి" అంది. ఆ పట్టుదల చూస్తే నాకు భయమేసింది. ఈమె ఇలాగే చేతులు ముడుచుకుని పోతుందేమో అనిపించింది.

ఎందుకంటే ఎప్పుడు తప్పిందో నాకు తెలుసు. ఆ డబ్బాలు ఒళ్ళో చూడగానే గుర్తొచ్చింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నాలుగు రోజులు తిరిగాను. నా నోరు అన్నాళ్ళు మూతపడ్డం ఇంట్లో ఎవరూ గమనించలేదంటే చూడండి, ఇల్లు ఏ స్థితిలో ఉందో.

అయిదో రోజు ఒలీవ తోటకు పోయాను. నాన్న నిచ్చెన మీద నిలబడి ఎండు కొమ్మలు కోస్తున్నాడు. ఆ తోటలో ఎనిమిది చెట్లు మా తాతవి, మళ్ళీ మావవుతాయని అందరూ అనేవాళ్ళు, నాన్న మాత్రం నమ్మినట్టు కనపడేవాడు కాదు. ఆ రోజుల్లో ఆయన దేన్నీ నమ్మినట్టు కనపడేవాడు కాదు. మసీదు కడిగిన రోజు కూడా ఇక్కడే ఉన్నాడు.

"నాన్నా, నానమ్మ లెక్క తప్పించింది నేనే" అన్నాను.

రంపం ఆగింది.

"నాకు ఏడేళ్ళప్పుడు, మంచు పడుతున్న రోజు. ఆడుకోవడానికి గింజలు కావాలని ఆ డబ్బాలు తీశాను. రెండూ బోర్లా పడ్డాయి. గింజలన్నీ చెల్లాచెదురయ్యాయి. అప్పుడే నువ్వొచ్చావు."

"వచ్చాను."

"చెంప మీద కొట్టావు. తిండి గింజలతో ఆడుకున్నానని కొట్టావనుకున్నాను ఇన్నాళ్ళూ."

నాన్న నిచ్చెన దిగాడు. రంపం చెట్టుకు ఆనించి, దాన్నే చూస్తూ నిలబడ్డాడు. "నిన్ను బయటికి తోలేశాక ఆ గింజలు నేనే ఏరాను" అన్నాడు. "ఒకటి మంచం కిందికి పోయింది, పాకి తీశాను. పన్నెండూ దొరికాయి. కానీ ఏ డబ్బాలో ఎన్ని? మా అమ్మ కడుపులో పుండు కిందటేడు ఎప్పుడొచ్చిందో గుర్తు చేసుకుని వేళ్ళ మీద లెక్కేశాను. ఎడమదాంట్లో మూడు, కుడిదాంట్లో తొమ్మిది వేశాను. సరిగ్గానే వేశాననుకున్నాను."

"నీకు తెలుసా? ఆ డబ్బాలు ఎందుకో?"

"నేను ఆమె కొడుకునే. ఎందుకు తెలీదు."

"అప్పుడే ఆమెకు చెప్పి ఉంటే తనే సరిచేసుకునేది కదా."

"నాకు తెలుసని తెలిస్తే మానేసేది" అన్నాడు నాన్న. "నా పార్టీ కార్డుకు ముప్పని, నా కోసం మానేసేది. అప్పటికే నా చేత్తో ఒకటి కూల్చాను. రెండోది కూడా ఎందుకని."

మినారు గురించి ఆయన నోట ఒక మాట రావడం అదే మొదలు. ఆయన నిచ్చెన కూడా తీయకుండా ఇంటి దారి పట్టాడు.

నానమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నాన్న మంచం పక్కన నేల మీద కూచున్నాడు. పెద్ద మనిషి అలా నేల మీద కూచోవడం చూసి అమ్మ కంగారుపడింది.

"అమ్మా, ఎనభై రెండులో, చలికాలంలో నీ డబ్బాలు ఒలికిపోయాయి. పిల్ల ఒలికించింది. గింజలు తిరిగి వేసింది నేను. ఎడమదాంట్లో మూడేశాను."

నానమ్మ ఇటు తిరిగింది. "ఆ చలికాలంలో నాలుగుండాలి."

"అయితే తప్పు అక్కడే. నేను తప్పాను, నువ్వు కాదు."

ఆమె పెదవులు కదిలాయి. వేళ్ళు ముడుస్తూ లెక్కేసుకుంటోంది. "అరవై ఏడు నుంచి ఎనభై ఒకటి దాకా నావన్నీ సరైనవే" అంది తనలో తను. తర్వాత నాన్నను తేరిపార చూసింది. "నువ్వు ఏరావా? నువ్వా?"

"నేనే."

"ఒంగి?"

"మంచం కిందికి పాకి."

నానమ్మ చెయ్యి చాచి నాన్న తల మీద పెట్టింది, నెరిసిన వెంట్రుకల్లో వేళ్ళు పెట్టి అలాగే ఉంచింది. కాసేపయ్యాక నన్ను దగ్గరికి రమ్మంది.

"ఆ రోజు నిన్ను కొట్టాడా?"

"కొట్టాడు."

"ఏ చెంప?"

చూపించాను. తొమ్మిదేళ్ళ కిందటి దెబ్బను బొటనవేలితో రుద్దింది. ఇన్ని రోజులూ దాచుకున్న ఏడుపంతా నాకు అప్పుడొచ్చింది. "ఊరుకోవే, నేనే ఏడవడం లేదు" అంది. నిజానికి ఏడుస్తోంది.

ముల్లాను పిలవడానికి అప్పుడు ఒప్పుకుంది. ఆయన వచ్చి, కొండాకులతో కాచిన టీ తాగుతూ మొత్తం విన్నాడు. ఇంత చెప్పినా ఆయన నాన్నవైపు ఒక్కసారి కూడా కోపంగా చూడలేదు. గాడిదలు తోలిన మనిషికి ఓపిక ఎక్కువేమో.

"నైలె చెల్లమ్మా, నేను గని జైలు గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసి లెక్కపెట్టుకునేవాణ్ణి. ఒకసారి గోడకు సున్నం కొట్టేశారు. నాకూ ఇదే తిప్పలు. అప్పుడు నా గురువు చెప్పింది గుర్తొచ్చింది. పాత పుస్తకాల్లో దీనికి జవాబుంది, ఖైదీల కోసం రాసింది."

"నేను ఖైదీని కాదుగా అన్నా."

"ఏమో మరి" అని ముల్లా టీ ఊదుకున్నాడు. "విను. ఎంత వెతికినా నెల తెలియని మనిషి, మనసులో ఇదే రంజాన్ అనుకుని ఉపవాసం ఉంటే ఆ మనసు వృథా పోదు. నెల దాటాక ఉంటే పోయినదాని బదులుగా చెల్లుతుంది. మరి నెల ముందే ఉంటే? ఎనభై రెండు రంజాన్ నీకు తప్పింది, సరే. ఎనభై మూడులో ముందే ఉన్నావు చూడు, అది ఎనభై రెండుకు బదులు. ఎనభై నాలుగుది ఎనభై మూడుకు. అలా ఏ ఏటిది ఆ వెనకేటికి. పెద్దల్లో కొందరు చెప్పిన మాట ఇది. నేను దీన్నే పట్టుకున్నాను."

నానమ్మ మంచం మీద నిటారుగా కూచుంది. "మరి పోయినేటిది?"

"పోయినేటిది ఇప్పుడు ఉంటున్నావుగా. ఈ నెల."

"మధ్యలో తినేశాను" అంది నానమ్మ చిన్నపిల్లలా. "ఐదు రోజులు, ఇవాళ్టితో కలిపి."

"ఆ ఐదూ పండగ అయ్యాక, ఒంట్లో ఓపికున్నప్పుడు ఉండు. రేపట్నుంచి మామూలే. ఏదీ పోలేదమ్మా. ఒక్క రోజు కూడా పోలేదు."

మర్నాడు తెల్లవారుజామున నేను లేచేసరికి నానమ్మ పొయ్యి దగ్గర పెరుగూ రొట్టే ముందు పెట్టుకుని కూచుని ఉంది. అమ్మకు మళ్ళీ నోరొచ్చింది. "జనం ఏడాదికి ఒక నెల ఉంటారు. మా అత్తయ్య ఈ ఏడు రెండు నెలలు. వియ్యాలవారు వస్తే ఏం పెట్టాలన్న బెంగే లేదు ఈ ఇంట్లో."

అలా ఆ నెలా గడిచింది, అసలు రంజాన్ కూడా గడిచింది. నేను మొదటి రోజు మధ్యాహ్నానికే నీరసపడి, నెల చివరికి రాటుదేలాను. మధ్యలో ఎన్నికలొచ్చాయి, ఊరు రెండు ముక్కలై పోట్లాడుకుంది, సాయంత్రానికి రెండు ముక్కలూ మసీదులో ఒకే వరసలో నిలబడ్డాయి. నాన్న మాత్రం మసీదు గడప తొక్కలేదు. మేం అడగలేదు. పండగ రోజు హల్వా తిన్నాడు, రెండుసార్లు.

మే నెల రెండో వారంలో నానమ్మ తన ఐదు రోజులు మొదలుపెట్టింది. మొదటి రోజు మధ్యాహ్నం నాన్నకు తోటలోకి అన్నం పట్టుకుపోయాను. "అక్కడ పెట్టు" అన్నాడు. సాయంత్రం మూట విప్పకుండా తెచ్చాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు అమ్మ మూట కట్టలేదు. ఎవరూ ఏమీ అనుకోలేదు, నానమ్మ కూడా. ఆమెకు చదవడం రాదు గానీ, వచ్చి ఉంటే ఆమె కూడా పేపరు అడ్డం పెట్టుకునేదే.

అయిదో రోజు పొద్దుగూకేవేళ వాకిట్లో బల్ల వేశాం. నీళ్ళు, రొట్టె, మా చెట్ల ఒలీవలు. చెట్లు నిజంగానే మావయ్యాయి. నానమ్మ ఒక ఒలీవ తీసి నాన్న చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చూస్తూ కూచున్నాడు.

"ఏమనాలి?" అన్నాడు.

"బిస్మిల్లా అను. చాలు."

నాన్న అన్నాడు. గింజ నోట్లోనే చాలాసేపు ఉంచుకున్నాడు. అమ్మ మొహం తిప్పుకుని రొట్టె తుంచింది.

తిన్నాక నానమ్మ తల ఎత్తింది. కొండ మీద, ఇంకా వెలుతురు పోని ఆకాశంలో, గోరంత నెలవంక. లోపల గోడ మీద రాజధాని నుంచి వచ్చిన క్యాలెండరు వేలాడుతోంది, ఆ నెలకు తారీకులన్నీ అచ్చయి ఉన్నాయి. అయినా ఆమె లోపలికి పోయి పొగాకు డబ్బాలు తెచ్చింది. నేను చెయ్యి చాచబోతే పక్కకు నెట్టి, రెండూ నాన్న ముందు పెట్టింది.

"నువ్వెయ్యి."

నాన్న చేతులు తుడుచుకున్నాడు. ఒక గింజ తీసి పట్టుకుని, "ఎడమదాంట్లోంచి కుడిదాంట్లోకేనా?" అన్నాడు.

"తెలీనట్టు అడుగుతావేంరా" అంది నానమ్మ.